బండి ముచ్చట: వచ్చి పోయే చెక్ లైటు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ చెక్ లైటు, అంటే ఇంజన్‌లో ఏదో తప్పుందని మీటర్ల దగ్గర వెలిగే పసుపు లైటు, మీదే వచ్చాయి. ఎండలు ముదిరితే హనుమకొండలో మా షెడ్డుకు వచ్చే బండ్లదీ ఇదే వరస. ఉత్తరాల్లోంచి కంపెనీల పేర్లు కావాలనే తీసేశాను. ఏ కంపెనీ బండైనా లోపాన్ని పట్టుకునే పద్ధతి ఒక్కటే. పేరు వేస్తే ఆ బండి ఉన్నవాళ్లందరికీ లేనిపోని టెన్షన్.

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది భూపాలపల్లి, సింగరేణిలో పని. 2015 డీజిల్ బండి, 1,12,000 కిలోమీటర్లు తిరిగింది. అమ్మానాన్నలు హనుమకొండలో ఉంటారు కాబట్టి ఆదివారాలు అటే పోతాం. రేగొండ దాటాక లారీని ఓవర్‌టేక్ చేద్దామని తొక్కితే ఒక్కసారిగా దమ్ము పోతుంది, చెక్ లైటు పడుతుంది. ఇక ఎంత తొక్కినా 60 దాటదు. పక్కకు ఆపి, కీ తీసి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు పోతుంది. లైటు రెండు మూడు రోజులుండి దానంతట అదే ఆరిపోతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఎన్నడూ రాలేదు. మధ్యాహ్నం, ఏసీ వేసుకుని నలుగురం పోతున్నప్పుడే వస్తుంది. మొన్న వెనక బైకు మీద వస్తున్న మా బామ్మర్ది "బావా, బండి నల్లపొగ బుస్సున వదిలింది" అన్నాడు. మెకానిక్ స్కానర్ పెడితే పీ0299 అని వచ్చింది. ఎయిర్ ఫ్లో సెన్సార్ మార్చాడు, ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే వాల్వు) కడిగాడు. ఓ వారం బాగుంది, మళ్లీ అదే కథ. ఇప్పుడు టర్బో పోయింది, 45 వేలవుతుంది అంటున్నాడు. మార్చమంటారా?
— ఓ పాఠకుడు, భూపాలపల్లి

జవాబు: ఇప్పుడే మార్చకండి. మీరు రాసిన వివరాలే సగం పని చేసిపెట్టాయి. ముఖ్యంగా మీ బామ్మర్ది చూసిన నల్లపొగ. స్కానర్ పెట్టినవాళ్లు ఆ మాట అడిగి ఉండాల్సింది.

మొదట మీరు చూస్తున్నదేమిటో చెప్తాను. ఇంజన్‌కు ఇబ్బంది కలిగించే లెక్క ఏదైనా ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్, కంటబడితే, అది కావాలనే పవర్ తగ్గిస్తుంది. దీన్ని లింప్ మోడ్ అంటారు. ఇల్లు చేరేంత పవర్ ఇస్తుంది, ఓవర్‌టేక్ చేసేంత ఇవ్వదు. ఒకసారి ఆ మోడ్‌లోకి పోయాక చాలా బండ్లు కీ తీసేదాకా బయటికి రావు. కీ తీసి పెట్టినప్పుడు అది మళ్లీ మొదటి నుంచి లెక్క చూసుకుంటుంది, ఆ నిమిషంలో తప్పేమీ కనిపించకపోతే పూర్తి పవర్ ఇచ్చేస్తుంది. లైటు సంగతి వేరు. సాధారణంగా వరసగా మూడు డ్రైవ్‌లలో తప్పు మళ్లీ కనబడకపోతేనే లైటు ఆరుతుంది. ఆరిన తర్వాత కూడా కోడ్ చాలా రోజులు లోపలే ఉంటుంది. అంటే లైటు పోయింది కదా అని మీరు షెడ్డుకు పోవడం మానేసిన రోజుల్లో కూడా సాక్ష్యం బండిలోనే ఉంది.

ఇక టర్బో, అంటే ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పంపు. షాఫ్ట్ అరిగి, రెక్కలు దెబ్బతిన్న టర్బో కీ తీసి పెడితే బాగుపడదు. పొద్దున చల్లగా ఉన్నా గుంజదు, ఒక్కరే ఉన్నా గుంజదు. మీ బండి అట్లా లేదు. పీ0299 అంటే, అడిగినంత గాలి ఒత్తిడి అందలేదని ఈసీయూ చేసిన ఫిర్యాదు. ఎందుకు అందలేదో ఆ నంబరులో లేదు. దాన్ని చూసి నేరుగా టర్బో మార్చడం, దొంగతనం జరిగిందని స్టేషన్‌కు వచ్చినవాణ్నే లోపలేసినట్టు ఉంటుంది.

నల్లపొగ దగ్గరికి వద్దాం. డీజిల్ బండిలో నల్లపొగ అంటే పోసిన డీజిల్‌కు సరిపడా గాలి లేదని. ఎయిర్ ఫ్లో సెన్సార్ ఫిల్టర్ పక్కన ఉంటుంది, ఇంత గాలి వచ్చిందని లెక్క చెప్తుంది, ఆ లెక్కకు తగ్గట్టు డీజిల్ పడుతుంది. కానీ ఆ గాలి టర్బో దాటి, దాన్ని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పైపుల్లో పోతూ మధ్యలో ఎక్కడో బయటికి తన్నితే? లెక్కలో ఉన్న గాలి ఇంజన్‌లో లేదు. డీజిల్ సగం కాలి పొగై పోతుంది. అదే డీజిల్ వైపు లోపమైతే, అంటే ఫిల్టర్ పూడుకుపోయి ప్రెషర్ పడిపోతే, దమ్ము పోతుంది కానీ నల్లపొగ పెద్దగా ఉండదు. అప్పుడు చాలాసార్లు పీ0087 లాంటి వేరే కోడ్ వస్తుంది. కాబట్టి నా అనుమానం గాలి పైపుల మీద, టర్బోను నడిపించే సన్నని వ్యాక్యూమ్ పైపుల మీద. మధ్యాహ్నమే రావడం కూడా ఆ వైపే చూపిస్తోంది. వేడికి రబ్బరు మెత్తబడుతుంది. నలుగురు కూర్చుని, ఏసీ వేసి, మూడో గేర్లో తొక్కితే పైపులో ఒత్తిడి అన్నిటికంటే ఎక్కువుంటుంది. చిన్న పగులు అప్పుడే నోరు తెరుస్తుంది, కాలు తీయగానే మూసుకుంటుంది. షెడ్డులో బండి నిలబెట్టి చూస్తే పైపు శుభ్రంగా కనిపిస్తుంది.

మెకానిక్‌తో కూర్చుని ఈ వరసలో చేయించండి. స్కానర్ పెట్టగానే కోడ్ డిలీట్ చేయనివ్వకండి. ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ తెరిచి ఫోన్లో ఫొటో తీసుకోండి. కోడ్ పడిన క్షణంలో స్పీడెంత, ఆర్‌పీఎం ఎంత, ఇంజన్ మీద లోడ్ ఎంత, వేడి ఎంత అన్నది అందులో ఉంటుంది. డిలీట్ కొడితే కోడ్‌తో పాటు అదీ పోతుంది. ఇప్పటిదాకా మీ బండికి ఎన్నిసార్లు అట్లా పోయిందో!

తర్వాత ఇంజన్ స్టార్ట్ చేయకుండా కీ మాత్రం ఆన్ చేసి బూస్ట్ సెన్సార్ (టర్బో నెట్టిన గాలి ఒత్తిడిని కొలిచేది) రీడింగ్ చూడండి. ఇంజన్ ఆగి ఉంది కాబట్టి అది బయటి గాలి ఒత్తిడినే చూపించాలి. మన వరంగల్ ప్రాంతం ఎత్తుకు 97, 98 కిలోపాస్కల్ దగ్గర ఉండాలి. 80, 110 అని చూపిస్తే సెన్సార్‌నే అనుమానించాలి. మసి పట్టి ఉండొచ్చు, తీసి తుడిచి చూడాలి. దీనికి ఖర్చు లేదు, రెండు నిమిషాల పని. అయినా మనవాళ్లలో చాలామంది చేయరు.

ఇప్పుడు పైపులు. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి ఇంజన్‌కు పోయే లావు రబ్బరు పైపులను చేతితో మెలితిప్పి చూడాలి. పగులు సాధారణంగా కింది వైపు, కంటికి కనబడని చోట ఉంటుంది. క్లాంపుల దగ్గర ఆయిల్ తడికి దుమ్ము అంటుకుని నల్లగా పేరుకుంటే అక్కడ గాలి తన్నుతోందని అర్థం. అనుమానం తీరకపోతే పైపు రెండు కొసలూ మూసి, కొద్దిగా గాలి పెట్టి సబ్బు నీళ్లు కొట్టాలి. స్మోక్ టెస్ట్ మిషన్ ఉన్న షెడ్డయితే ఇంకా మంచిది. సన్నని వ్యాక్యూమ్ పైపులు వేడికి గట్టిపడి కొసల దగ్గర చిట్లుతాయి. అవి మీటర్ల లెక్కన దొరుకుతాయి, అన్నీ కొత్తవి వేసినా మీ 45 వేలలో చిల్లర కూడా కాదు. చేతి వ్యాక్యూమ్ పంపు పెట్టి టర్బో యాక్చుయేటర్ (టర్బో లోపలి రెక్కలను కదిపే భాగం) రాడ్ కదులుతోందా, కదిలి ఆ స్థానంలో నిలబడుతోందా చూడమనండి. రాడ్ పట్టేసినట్టు కదిలితే, లోపల రెక్కల దగ్గర మసి పేరుకుందని. ఇదీ ఆగి ఆగి వచ్చే లోపమే, నేను కొట్టిపారేయడం లేదు. కానీ అప్పుడు కూడా మొదటి మాట శుభ్రం చేయడం, మార్చడం కాదు.

టర్బో షాఫ్ట్ ఎట్లాగూ చూడొచ్చు. చల్లారిన ఇంజన్ మీద ముందు పైపు తీసి, చక్రాన్ని వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ కదపాలి. పక్కలకు కొద్దిగా ఆడితే భయం లేదు. ముందుకూ వెనక్కీ ఆడితే, లేదా రెక్క గోడకు తగిలిన గీత ఉంటే అప్పుడు మీ మెకానిక్ మాట నిజం.

అన్నిటికంటే విలువైన పరీక్ష రోడ్డు మీదే. అదే మధ్యాహ్నం, అదే ఏసీ, నలుగురు. ఒకరు నడపాలి, వెనక సీట్లో ఇంకొకరు స్కానర్ పట్టుకుని లైవ్ డేటా రికార్డు చేయాలి. నడిపేవాళ్లు స్కానర్ వంక చూడకూడదు. బూస్ట్ ఎంత అడిగింది, ఎంత వచ్చింది. డీజిల్ రైల్ (ఇంజెక్టర్లకు డీజిల్ పంచే పైపు) ప్రెషర్ ఎంత అడిగింది, ఎంత వచ్చింది. ఈ నాలుగు గీతలు చాలు. గూడెప్పాడ్ నుంచి పరకాల వైపు ఖాళీగా ఉన్న చోట మూడో గేర్లో 1500 ఆర్‌పీఎం నుంచి పూర్తిగా తొక్కండి. ఉదాహరణకు బూస్ట్ 210 కిలోపాస్కల్ అడిగితే 150 దగ్గర ఆగిపోయి, రైల్ ప్రెషర్ మాత్రం అడిగినంతా వస్తే గాలి వైపే చూడాలి. తిరగబడితే డీజిల్ వైపు. అప్పుడు ముందుగా చూడాల్సింది ఫిల్టర్, అందులో చేరిన నీళ్లు. ట్రాక్టర్‌కని క్యాన్లో తెచ్చిపెట్టిన డీజిల్ కారులో పోసే అలవాటుంటే ముందే చెప్పండి, మెకానిక్‌కు శ్రమ తగ్గుతుంది.

గాలీ డీజిలూ రెండూ సరిగ్గా ఉండి కూడా లైటు పడితే వైరింగే. తొక్కినప్పుడు ఇంజన్ తన మౌంట్ల మీద కొంచెం వంగుతుంది, ఆ వంపుకు బిగుతుగా ఉన్న వైరు లాగబడుతుంది. కప్లర్లు విప్పి పిన్నుల మీద పచ్చని చిలుము ఉందా, ఎక్కడైనా ఇన్సులేషన్ రాసుకుపోయిందా చూడాలి. మన వైపు వడ్ల బస్తాలున్న ఇంటి ముందు బండి పెడితే ఎలుకల సంగతి చెప్పనక్కర్లేదు. బానెట్ కింద వేరుశనగ పొట్టు, గుడ్డ పీలికలు కనిపిస్తే వెతకాల్సింది అక్కడే.

మరి సెన్సార్ మార్చాక వారం ఎందుకు బాగుందంటారా? ఆగి ఆగి వచ్చే లోపంతో చిక్కే అది. ఆ వారం మీరు ఎండలో నలుగురితో పోయారా? పోకపోతే లోపం రావడానికి సందే లేదు. ఏ పార్టు మార్చినా అదే బాగుచేసినట్టు కనిపిస్తుంది. అందుకే రిపేరు అయ్యాక కూడా అదే రోడ్డులో, అదే ఎండలో, అదే బరువుతో ఇంకోసారి రికార్డు చేసి, అడిగిన గీతా వచ్చిన గీతా కలిశాయని చూసుకున్నాకే డబ్బులు పూర్తిగా ఇవ్వండి.

మెకానిక్‌తో గొడవ పెట్టుకోకండి. "ఏ రీడింగ్ చూసి టర్బో అన్నావన్నా, నాకూ చూపించు" అని అడగండి. చూపిస్తే సంతోషం. "కోడ్ అదే చెప్తోంది" అంటే ఇంకో షెడ్డు చూసుకోండి. ఇంకో మాట, ఇది మనందరికీ. పార్టుకు 45 వేలంటే మారు మాట్లాడకుండా ఇస్తాం, గంటన్నర కూర్చుని లోపం వెతికినందుకు వెయ్యి అడిగితే "ఉత్తగా చూసినదానికి వెయ్యా?" అంటాం. అందుకే వెతికేవాళ్లు తగ్గి మార్చేవాళ్లు పెరిగారు.

పైపు సంగతి తేలేదాకా రెండు లైన్ల రోడ్డు మీద ఓవర్‌టేక్‌లు మానేయండి. ఎదుటి లేన్‌లో ఉండగా దమ్ము పోతే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు.

ప్రశ్న: అన్నయ్యా, నేను నర్సంపేటలో టీచర్‌ని. పెట్రోల్ బండి. వాన పడిన రోజుల్లో స్టార్ట్ చేయగానే వణుకుతుంది, చెక్ లైటు టపటపా కొట్టుకుంటుంది. పది నిమిషాలు పోతే వణుకు తగ్గి లైటు నిలకడగా వెలుగుతుంది. స్కూలు 20 కిలోమీటర్లు. అట్లాగే పోవచ్చా?
— ఓ పాఠకురాలు, నర్సంపేట

జవాబు: కొట్టుకుంటున్నంతసేపు పోవద్దు చెల్లెమ్మా. నిలకడగా వెలిగే పసుపు లైటుకు, కొట్టుకునే లైటుకు చాలా తేడా ఉంది. కొట్టుకుంటోందంటే ఏదో సిలిండర్‌లో పెట్రోల్ మండడం లేదు. ఆ పచ్చి పెట్రోల్ సైలెన్సర్ వైపు పోయి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది, దాన్ని కరిగించేస్తుంది. దాని ధర వింటే మీరు నెల జీతం పక్కన పెట్టాలి. దారిలో కొట్టుకుంటే యాక్సిలరేటర్ తగ్గించండి, తగ్గకపోతే ఆపేయండి.

వానకే వస్తోంది కాబట్టి ప్లగ్గుకు కరెంటు ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్ లేదా దాని కింది రబ్బరు బూటు చిట్లి, తేమకు కరెంటు పక్కదారి పడుతోందని నా అనుమానం. తేలికైన పరీక్ష ఉంది. కోడ్ పీ0302 అని వస్తే రెండో సిలిండర్ అని అర్థం. రెండో కాయిల్ తీసి మూడో దాని మీద, మూడోది రెండో దాని మీద పెట్టించండి. ఈసారి పీ0303 వస్తే తప్పు కాయిల్‌దే, లోపం దాని వెంటే పోయింది. కోడ్ రెండు దగ్గరే ఉంటే ప్లగ్గు, ఇంజెక్టర్, వైరు చూడాలి. నాలుగు కాయిళ్లూ ఒకేసారి మార్చమంటే ఒప్పుకోకండి. ప్లగ్గులు మాత్రం వయసైపోతే నాలుగూ మార్చొచ్చు. సర్వీసింగ్ దగ్గర ఇంజన్ మీద ప్రెషర్ పంపుతో నీళ్లు కొట్టిస్తుంటే అదీ మాన్పించండి. ప్లగ్గు గుంతల్లో నీళ్లు నిలిచిపోతాయి.

ప్రశ్న: రైల్వేలో రిటైరై కాజీపేటలో ఉంటున్నాను. బీఎస్ 6 డీజిల్ బండి. రోజూ కూరగాయలకు, గుడికి, మనవడి బడికి తప్ప దూరం పోయేది లేదు. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) లైటు పడింది, పికప్ కొంచెం తగ్గింది. డీపీఎఫ్ తీసేస్తే పీడ పోతుందని ఒకాయన చెప్పాడు.
— ఓ పాఠకుడు, కాజీపేట

జవాబు: తీయించకండి సార్. అది చట్టానికి విరుద్ధం, బండి అమ్మేటప్పుడు కూడా తల నొప్పి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 డీజిల్ కార్లలో ఈ ఫిల్టర్ మసిని పట్టి ఉంచుతుంది. లోపలి వేడి 600 డిగ్రీల దాకా పోతేనే ఆ మసి కాలుతుంది. మీరు నడిపే దూరానికి సైలెన్సర్ సరిగ్గా వేడెక్కే లోపే ఇల్లు వచ్చేస్తుంది. డీపీఎఫ్ లైటు ఒక్కటే ఉంటే మాన్యువల్ చూసి, మడికొండ దాటి స్టేషన్ ఘన్‌పూర్ దాకా ఒకసారి పోయి రండి. 60 నుంచి 80 మధ్య స్పీడు, ఒక గేరు తక్కువలో, ఆర్‌పీఎం 2000 పైనే ఉండేట్టు. మధ్యలో ఆపొద్దు. చాలా బండ్లకు అంతే చాలు.

దాంతోపాటు చెక్ లైటు కూడా పడి పవర్ బాగా తగ్గిపోయి ఉంటే ఈ ప్రయత్నం చేయకండి. స్కానర్‌తో చేయించే రీజనరేషన్, అంటే ఆ మసిని కాల్చేయడం, కావాలి. ఒక్క పని మాత్రం ఇవాళే చేయండి. డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూడండి. మధ్యలో ఆగిపోయిన రీజనరేషన్లలో డీజిల్ కొంత ఆయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ గీత దాటి పెరిగి ఉంటే ముందు ఆయిల్ మార్పించాలి, ఆ తర్వాతే హైవే. ఆయిల్ కూడా డీపీఎఫ్ బండ్లకు తగిన గ్రేడ్‌దే పోయించండి. నిజం చెప్పాలంటే మీ తిరుగుడుకు పెట్రోల్ బండి సరిపోయేది, కానీ కొన్నాక ఆ మాట ఎందుకు.

ప్రశ్న: ఫోన్‌కు కలిపే చిన్న బ్లూటూత్ స్కానర్ కొనొచ్చా?
— ఓ పాఠకుడు, జగిత్యాల

జవాబు: కొనండి. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల ఓబీడీ (స్కానర్ కలిపే) సాకెట్‌కు పెడితే ఇంజన్ కోడ్, ఫ్రీజ్ ఫ్రేమ్, మామూలు లైవ్ డేటా చూపిస్తుంది. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్లు చవకవాటిలో చాలావరకు రావు. యాప్‌లో డిలీట్ బటన్ కనిపించినప్పుడల్లా నొక్కకండి. ముందు స్క్రీన్‌షాట్ తీయండి. బండి కొన్ని రోజులు తీయకపోతే స్కానర్ ఊడదీసి పెట్టండి, బ్యాటరీ తాగేస్తుంది.